గ్లేజు పారబోయకండి, దిద్దుకోండి

కుండలు చేసేవాళ్లు నలుగురు కలిస్తే ముందుగా వినపడే మాట "మంచి గ్లేజు రెసిపీ ఉంటే ఇవ్వండి" అన్నదే. గ్లేజు అంటే కుండకు పూసి కాలిస్తే గాజు పొరగా మారే పూత. దాని మీద సన్నటి పగుళ్లు వచ్చాయా, వేరే రెసిపీ. కారిపోయి బట్టీలోని షెల్ఫుకు అంటుకుందా, ఇంకో రెసిపీ. పొక్కులు పొక్కులుగా వచ్చిందా, ఆ బకెట్ పారబోసి మరో రెసిపీ. ఇలా వెతుక్కుంటూ పోతే నోట్‌బుక్కు నిండుతుంది గానీ, నాది అని చెప్పుకోవడానికి ఒక్క గ్లేజూ మిగలదు. గ్లేజు తేడా చేసినప్పుడు దాన్ని వదిలేసి ఇంకోదాని వెంట పడటం కన్నా ఉన్నదాన్ని దిద్దుకోవడమే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు "రెసిపీలో వేలు పెట్టకండి, ఉన్నది ఉన్నట్టు కలపండి" అని చెప్పే పెద్దలున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ సలహా వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతోంది.

ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు కలపడమనేది అసలు కుదిరే పని కాదు. రెసిపీలో "ఫెల్డ్‌స్పార్ 40" అని రాసి ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ అంటే కొండలోంచి తవ్వి తీసిన రాయి. ఒక గనిలో పొటాష్ (పొటాషియం ఆక్సైడు) ఎక్కువుంటుంది, ఇంకో గనిలో సోడా (సోడియం ఆక్సైడు) ఎక్కువుంటుంది. అదే గనిలో కూడా ఏళ్లు గడిచేకొద్దీ రాయి మారుతుంది. సంచీ మీద పేరు మాత్రం మారదు. రెసిపీ రాసినాయన సంచీలో ఉన్నదీ మీ సంచీలో ఉన్నదీ ఒకటే అనుకోవడానికి ఆధారమేమీ లేదు. పైగా ఆయన మట్టి వేరు, కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) వేరు, నీళ్లు వేరు. అందుకే మనం అచ్చంగా అలాగే కలిపామని అనుకున్న ప్రతిసారీ, మనకు తెలియకుండానే ఏదో ఒకటి మార్చేస్తూనే ఉన్నాం. ఎలాగూ మారేటప్పుడు తెలిసి మార్చడం మంచిది కదా!

కొన్నిసార్లు పదార్థమే దొరక్కుండా పోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ స్లిప్ అనే మట్టి దొరికేది. ఎక్కువ వేడిలో దానంతట అదే కరిగి చక్కటి గోధుమరంగు గ్లేజు అయ్యేది. 19వ శతాబ్దం నుంచీ అమెరికా కుమ్మరులు జాడీల లోపల అదే పూసేవారు. 1980లలో దాని తవ్వకం ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న రెసిపీలన్నీ ఒక్కసారిగా కాగితం మీది అక్షరాలైపోయాయి. కాలిఫోర్నియాలో తవ్విన గెర్‌స్ట్లీ బోరేట్ అనే బోరాన్ ఖనిజానికీ తర్వాత ఇదే గతి పట్టింది. పేర్లను నమ్ముకున్నవాళ్లు ఇక ఆ గ్లేజు చేయలేమని చేతులెత్తేశారు. ఆ పేరు వెనక ఏ ఆక్సైడు ఎంత ఉందో చూసుకున్నవాళ్లు అవే ఆక్సైడ్లను వేరే సంచుల్లోంచి తెచ్చుకుని పని సాగించారు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కిల్న్‌కు ఫెల్డ్‌స్పార్ తెలియదు, కేయోలిన్ అనే తెల్లమట్టీ తెలియదు. వేడి ఎక్కేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది, చివరికి మిగిలేవి ఆక్సైడ్లు. అవన్నీ కరిగి ఒకటై గాజు అవుతాయి. సిలికా ఆ గాజుకు ఒళ్లు. అది ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి, మన కిల్న్‌లు అంత వేడి తట్టుకోలేవు. అందుకని సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, జింక్ ఆక్సైడ్ల లాంటి ఫ్లక్సులు కావాలి, సిలికాను తక్కువ వేడిలో కరిగించేవి ఇవే. కరిగినది నీళ్లలా కారిపోకుండా చిక్కగా కుండ గోడను పట్టుకుని ఉండటానికి అల్యూమినా కావాలి. తక్కువ వేడిలో పని జరగాలంటే బోరాన్ కూడా తోడు రావాలి. గ్లేజు అంటే ఇంతే. రంగులు, అపారదర్శకత అన్నీ దీని మీద వేసుకునేవి.

19వ శతాబ్దం చివర్లో హెర్మన్ సెగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని ఒక లెక్కలోకి తెచ్చాడు. కిల్న్‌లో వంగిపోయి వేడి ఎంతైందో చెప్పే కోన్లను 1886లో తెచ్చినవాడూ ఆయనే. గ్లేజులోని ఆక్సైడ్లను బరువుల్లో కాకుండా అణువుల సంఖ్యలో, అంటే మోల్స్‌లో లెక్కవేసి, ఫ్లక్సులన్నీ కలిపి 1 అయ్యేలా మొత్తాన్ని భాగిస్తారు. అప్పుడు ఒక వంతు ఫ్లక్సుకు అల్యూమినా ఎంత, సిలికా ఎంత అన్నది కళ్లెదుట కనిపిస్తుంది. దీన్ని యూనిటీ ఫార్ములా అంటారు. ఇప్పుడు ఈ లెక్క చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కాబట్టి కాగితం, పెన్సిలు కూడా అక్కర్లేదు. అయినా ఒకసారి చేత్తో చేసి చూడమంటాను. చేత్తో చేసినప్పుడే అంకెల మీద పట్టు చిక్కుతుంది.

కోన్ 10 వంగే వేడి (సుమారు 1300 డిగ్రీల సెల్సియస్) దగ్గర కాల్చేవాళ్లందరికీ తెలిసిన పాత గ్లేజు ఒకటి తీసుకుందాం. పొటాష్ ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, వైటింగ్ అంటే సున్నపురాయి పొడి 20, కేయోలిన్ 10. నాలుగు, మూడు, రెండు, ఒకటి అని గుర్తుపెట్టుకుంటారు. స్వచ్ఛమైన ఖనిజాలే అనుకుని లెక్క వేస్తే ఫ్లక్సుల్లో పొటాషియం 0.26, కాల్షియం 0.74 వస్తాయి. అల్యూమినా 0.41, సిలికా 3.7. అల్యూమినాకు సిలికా తొమ్మిది రెట్లు ఉంది. అంటే ఇది మెరిసే గ్లేజు అని కిల్న్ తలుపు తెరవకముందే చెప్పొచ్చు. 1912లో స్టల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఫ్లక్సులను 0.3 పొటాషియం, 0.7 కాల్షియం దగ్గర కదలకుండా ఉంచి, అల్యూమినా, సిలికాలను మాత్రం మారుస్తూ ఎన్నో గ్లేజులు కాల్చి ఒక పటం గీశాడు. అల్యూమినాకు సిలికా సుమారు ఐదు రెట్లకు తక్కువగా ఉన్న వైపు మ్యాట్, అంటే మెరుపు లేని గ్లేజులు, ఎనిమిది రెట్ల దగ్గర మంచి మెరుపు వచ్చాయి. వందేళ్లు దాటినా ఆ పటం ఇప్పటికీ పనికొస్తోంది.

ఇప్పుడు అదే గ్లేజులో వైటింగ్ తీసేసి వోలాస్టొనైట్ అనే ఖనిజం వేయాలనుకుందాం. వైటింగ్ వేడికి తన బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది. ఆ వాయువు కరుగుతున్న గ్లేజులోంచి బుడగలుగా లేస్తే సూదిమొన రంధ్రాలు మిగిలే అవకాశం ఉంది. వోలాస్టొనైట్‌లో కాల్షియం, సిలికా రెండూ కలిసే ఉంటాయి, వాయువు దాదాపు ఉండదు. చాలామంది ఇక్కడ 20 తీసి 20 వేస్తారు. ఆ పని చేస్తే కాల్షియం తగ్గుతుంది, సిలికా పెరుగుతుంది, గ్లేజు గట్టిపడి సరిగా కరగదు. తప్పంతా వోలాస్టొనైట్ మీదికి పోతుంది. లెక్క ప్రకారం పోదాం. 20 గ్రాముల వైటింగ్ ఇచ్చేది 11.2 గ్రాముల కాల్షియం ఆక్సైడు. వోలాస్టొనైట్‌లో అది 48.3 శాతం. కాబట్టి 23.2 గ్రాములు కావాలి. దాంతోపాటు 12 గ్రాముల సిలికా ఊరికే వస్తుంది, అందుకని రెసిపీలోని 30 సిలికాను 18కి తగ్గించాలి. కొత్త రెసిపీ ఇది: ఫెల్డ్‌స్పార్ 40, వోలాస్టొనైట్ 23.2, సిలికా 18, కేయోలిన్ 10. మొత్తం 91.2.

ఆ మొత్తం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 100 ఉన్నది 91.2 అయింది. పోయిన 8.8 ఎక్కడిది? 20లో 44 శాతం ఎంతో చూడండి, సరిగ్గా 8.8. ఇంతకుముందు కిల్న్‌లోంచి గాలిలోకి పోయిన కార్బన్ డయాక్సైడే అది. ఇప్పుడు దాన్ని బకెట్‌లోకి రానివ్వలేదు, అంతే. కరిగాక మిగిలే గాజు మాత్రం పాతదే, ఒక్క అణువు తేడా లేదు. ఈ లెక్క మొదటిసారి కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇప్పటికీ ఎవరికైనా గ్లేజు నేర్పాల్సి వస్తే ఈ ఒక్క మార్పిడితోనే మొదలుపెడతాను.

ఇందులోనే రంగుల వాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. పాత గ్లేజులో 100కు 8 గ్రాముల ఐరన్ ఆక్సైడు వేసేవాళ్లనుకోండి. కొత్త రెసిపీని మళ్లీ 100కు సర్దితే ఫెల్డ్‌స్పార్ 43.9, వోలాస్టొనైట్ 25.4, సిలికా 19.7, కేయోలిన్ 11 అవుతాయి. ఇప్పుడు ఈ 100కు 8 గ్రాములే వేస్తే ఐరన్ తక్కువైనట్టు. ఎందుకంటే ఈ 100 గ్రాములు ఇచ్చే గాజు పాత 100 గ్రాములు ఇచ్చినదాని కన్నా ఎక్కువ. 8.8 వేస్తే గానీ పాత రంగు రాదు. "పదార్థం మార్చాను, రంగు వెలిసిపోయింది" అని బాధపడేవాళ్లలో కొందరికైనా జరిగింది ఇదే అయ్యుంటుంది. మొత్తాన్ని 100కు సర్దే శాతాల లెక్కలో ఉన్న మాయ ఇది. ఒకటి కదిపితే మిగతావన్నీ కదిలినట్టు కనిపిస్తాయి. ఆక్సైడ్ల లెక్కలో అలా కాదు, సిలికానో అల్యూమినానో కదిపితే ఆ అంకే కదులుతుంది.

తేడాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పగుళ్లు, అదే క్రేజింగ్. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి. చల్లారేటప్పుడు గ్లేజూ, కింది మట్టీ రెండూ కుంచించుకుంటాయి. మట్టి కన్నా గ్లేజు ఎక్కువ కుంచించుకుంటే చాలని గుడ్డను లాగినట్టు సాగి, తట్టుకోలేక పగులుతుంది. ఏ ఆక్సైడు ఎంత కుంచించుకునేలా చేస్తుందన్నది తెలిసిన విషయమే. సోడియం అందరికన్నా ముందుంటుంది, దాని వెనకే పొటాషియం. కాల్షియం మధ్యలో ఎక్కడో ఉంటుంది. మెగ్నీషియం, జింక్ తక్కువ. సిలికా, బోరాన్ ఇంకా తక్కువ. కాబట్టి పగుళ్లకు మందు కూడా ఇక్కడే ఉంది: కరగడానికి ఇబ్బంది లేనంతవరకు సిలికా పెంచాలి. అది చాలకపోతే సోడియం, పొటాషియంలలో కొంత తగ్గించి ఆ చోట మెగ్నీషియం లాంటిది తేవాలి. కొంత ఫెల్డ్‌స్పార్ తీసి మెగ్నీషియం ఉన్న టాల్క్ వేయడం అలాంటి మార్పే, అయితే ఫెల్డ్‌స్పార్‌తో పోయిన అల్యూమినాను కేయోలిన్‌తో తిరిగి ఇవ్వాలి.

ఒకమ్మాయి పైన చెప్పిన నాలుగు, మూడు, రెండు, ఒకటి గ్లేజే పూసిన కప్పు పట్టుకొచ్చింది. చూడ్డానికి చక్కగా ఉంది. లోపల సిరా రుద్ది, తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూస్తే అంతా సన్నటి వల. "ఈ గ్లేజు నాకు అచ్చిరాలేదక్కా, ఇంకోటి చెప్పండి" అంది. అచ్చిరాకపోవడమేమీ లేదమ్మా, సిలికా ఐదు పెంచి ఒక పరీక్ష టైలు, పది పెంచి ఒకటి, పదిహేను పెంచి ఒకటి కాల్చి తీసుకురా అన్నాను. పది పెంచితే సిలికా 3.7 నుంచి 4.3కు పోతుంది, కోన్ 10 దగ్గర అది కరగడం కష్టమేం కాదు. ఆ అమ్మాయి టైళ్లు వరసగా బల్ల మీద పెట్టి సిరా రుద్దింది. ఏమీ కలపనిదాని మీద చిన్న గళ్లు. ఐదు పెంచినదాని మీద గళ్లు పెద్దవై, మధ్యలో అక్కడక్కడా గీతలే మిగిలాయి. పది దగ్గర సిరా మొత్తం గుడ్డకే వచ్చేసింది. పదిహేను కూడా శుభ్రంగానే ఉంది గానీ మెరుపులో కాస్త బిగుసుకున్నట్టు కనిపించింది. ఏ దిక్కుకు పోవాలో, ఎక్కడ ఆగాలో ఆ వరసే చెప్పింది. తర్వాత పది పెంచిన గ్లేజు పూసిన కప్పులను మరిగే నీళ్లలోంచి మంచు నీళ్లలోకి మార్చి మార్చి చూడమన్నాను. వెంటనే కనపడని పగుళ్లు నెలల తర్వాత బయటపడొచ్చు కాబట్టి అది చేయక తప్పదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మట్టే సరిగా ఉడక్కుండా నీళ్లు పీల్చేలా ఉంటే, అది తేమకు మెల్లగా ఉబ్బుతుంది, అప్పుడు ఎంత మంచి గ్లేజైనా పగులుతుంది. దానికి గ్లేజు దిద్దితే సరిపోదు, మట్టి సంగతి చూడాలి. అలాగే సిలికా మరీ పెంచేసి గ్లేజును అవతలి వైపుకు నెట్టేయడమూ ప్రమాదమే. మట్టి కన్నా గ్లేజు మరీ తక్కువ కుంచించుకుంటే అంచుల దగ్గర పెచ్చులుగా ఊడిపోతుంది. అన్నం తినే గిన్నె అంచున గాజు పెచ్చు ఊడటం పగుళ్లకన్నా చాలా ప్రమాదం. ఆ తేడా చేసిన గ్లేజుకు సిలికా తగ్గించి, ఫెల్డ్‌స్పార్ కాస్త పెంచాలి.

కారిపోయే గ్లేజు సంగతి తేలిక. అల్యూమినా తక్కువైందన్నమాట, కేయోలిన్ పెంచండి. మన గ్లేజులోనే ఇంకో 5 కేయోలిన్ కలిపితే అల్యూమినా 0.41 నుంచి 0.48కి పెరుగుతుంది, సిలికా నిష్పత్తి తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగుతుంది. మెరుపు పోదు, కారడం మాత్రం తగ్గుతుంది. కేయోలిన్ ఇంకా పెంచి, విడిగా వేసే సిలికా తగ్గిస్తూ పోతే మ్యాట్ వైపు పోతాం. మ్యాట్ కావాలని వేడి తగ్గించి కాల్చేవాళ్లను చూస్తుంటాను. అది మ్యాట్ కాదు, ఉడకని గ్లేజు. తేడా పట్టుకోవడానికి దాన్నే ఒక కోన్ ఎక్కువకు కాల్చి చూడండి. నిజమైన మ్యాట్ అయితే పెద్దగా మారదు, ఉడకనిదైతే మెరుస్తుంది. చల్లార్చే వేగం కూడా చూసుకోవాలి, నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు పెరిగి మ్యాట్ బాగా వస్తుంది.

కేయోలిన్ పెంచమన్నాను గానీ దానికీ హద్దుంది. పచ్చి కేయోలిన్ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. రెసిపీలో అది పాతికకు చేరితే పూసిన పొర ఆరగానే బీటలిస్తుంది, కాల్చాక ఆ బీటల దగ్గర గ్లేజు వెనక్కి లాక్కుని మట్టి బయటపడుతుంది. దీన్నే క్రాలింగ్ అంటారు. ఇక్కడ ఆక్సైడ్ల లెక్క తప్పేమీ కాదు, పదార్థం రూపం మారాలి. కేయోలిన్‌లో సుమారు 14 శాతం నీరు బంధమై ఉంటుంది. సగం కేయోలిన్‌ను ముందే కాల్చి వాడితే ముడుచుకోవడం పోతుంది, ఆ నీరు పోయిన బరువు కూడా తగ్గించుకోవాలి. రెసిపీలో 30 ఉంటే 15 పచ్చిది, 12.9 కాల్చినది. అదే అల్యూమినా, అదే సిలికా. గ్లేజు మాత్రం బుద్ధిగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంకో వైపు, పచ్చి మట్టి మరీ తక్కువున్న గ్లేజు బకెట్ అడుగున రాయిలా కూర్చుంటుంది, దానికి రెండు శాతం బెంటొనైట్ (బాగా జిగురున్న సన్నటి మట్టి) పొడిపొడిగా ఉన్నప్పుడే కలిపితే తేలుతుంది. నెఫెలిన్ సయనైట్ అనే రాతిపొడి ఎక్కువున్న గ్లేజు అడుగున పేరుకుపోతే నీళ్లలో కరిగించిన ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) చిటికెడు వేస్తే చాలు.

నెఫెలిన్ సయనైట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, "పొటాష్ ఫెల్డ్‌స్పార్ లేదు, దాని బదులు అంతే మోతాదు ఇది వేశాను" అనడం చాలా మామూలైపోయింది. ఇందులో ఫెల్డ్‌స్పార్ కన్నా సోడియం, అల్యూమినా ఎక్కువ, సిలికా తక్కువ. అంతే మోతాదు వేస్తే గ్లేజు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, కుంచించుకోవడం పెరుగుతుంది, పగుళ్లు వెంటే వస్తాయి. కొంచెం తక్కువ వేసి, తగ్గిన సిలికాను విడిగా కలిపితే చాలా దగ్గరగా వస్తుంది. అయినా పొటాషియం ఉన్నచోటికి సోడియం వచ్చింది కాబట్టి రంగుల్లో తేడా కొంత ఉండే తీరుతుంది.

కోన్ 10 గ్లేజును కోన్ 6కు దించడం వేరే కథ. వేడి 60, 70 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి బోరాన్ తప్పనిసరి. ఫ్లక్సు ఒకటికి సుమారు 0.15 బోరాన్‌తో మొదలుపెట్టి చూడొచ్చు. మామూలు బోరాక్స్ నీళ్లలో కరిగిపోతుంది, పూసిన పొరలో ఒక చోట నిలవదు. అందుకే బోరాన్‌ను ముందే గాజుగా కరిగించి పొడిచేసిన ఫ్రిట్ వాడతాం. ఎక్కువమంది వాడే ఫ్రిట్ 3134లో అల్యూమినా అసలే లేదు, కాల్షియం, సోడియం మాత్రం దండిగా ఉన్నాయి. అంటే దాన్ని వేసిన మేరకు వైటింగ్, ఫెల్డ్‌స్పార్ తగ్గాలి, కేయోలిన్ పెరగాలి. ఊరికే పైన ఒక పదో ఇరవయ్యో ఫ్రిట్ చల్లి చూస్తే గ్లేజు కరుగుతుంది, షెల్ఫు మీదికి కూడా వస్తుంది.

రంగుల దగ్గర లెక్క చెప్పేది సగమే. అయినా ఆ సగం చాలా విలువైనది. రాగి నుంచి ఆకుపచ్చ కాకుండా ఆ నీలిపచ్చ మెరుపు కావాలంటే రాగి పెంచితే రాదు, గ్లేజులో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉండి అల్యూమినా తక్కువగా ఉండాలి. కోబాల్ట్‌కు మెగ్నీషియం తోడైతే నీలం కాస్తా ఊదా వైపు తిరుగుతుంది. క్రోమియం కొంచెం, టిన్ ఆక్సైడు దానికి ఎన్నో రెట్లు, కాల్షియం దండిగా ఉంటే గులాబీ రంగు. ఆ గ్లేజులో జింక్ ఉంటే గులాబీ రాకపోగా గోధుమరంగుకు దిగుతుంది. క్రోమియం ఆవిరై పక్కనున్న టిన్ తెల్ల గ్లేజు కుండకు కూడా గులాబీ అంటించగలదు. కాబట్టి రంగు నచ్చకపోతే రంగు పొడిని ముట్టుకోకముందు అడుగునున్న గ్లేజు ఎలాంటిదో చూడండి. రాగి కార్బొనేట్ బదులు రాగి ఆక్సైడు వేస్తున్నా లెక్కే: ఒక గ్రాము ఆక్సైడుకు సుమారు 1.4 గ్రాముల కార్బొనేట్ సమానం. కోబాల్ట్ లాంటివి వంద గ్రాముల పరీక్షకు పావు గ్రాము కూడా వేయాల్సి రావొచ్చు, గ్రాములో వందో వంతు చూపే త్రాసు లేకుండా ఆ పరీక్ష చేసి ఉపయోగం లేదు.

"లెక్కలతో కుండలు చేస్తారా? పాతకాలపు కుమ్మరులకు ఏ ఫార్ములా తెలుసు?" అనేవాళ్లున్నారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అడిగేవాళ్లలో మంచి చేయి ఉన్నవాళ్లే ఎక్కువ. చైనాలో, కొరియాలో, జపాన్‌లో కొయ్యబూడిద, రాతిపొడి, మట్టి కలిపి చేసిన గ్లేజులను చూసి ఇప్పటికీ ఆశ్చర్యపోతాం. వాళ్లకు ఆక్సైడ్లు తెలియవు, నిజమే. కానీ వాళ్లు ఎవరో ఎక్కడో రాసిన రెసిపీ తెచ్చుకుని కలపలేదు కదా. తమ పొయ్యి బూడిద, తమ కొండ రాయి, తమ మట్టి. బూడిద మారితే పాళ్లు మార్చారు, మళ్లీ కాల్చారు, మళ్లీ మార్చారు. తరతరాలుగా చేసిన దిద్దుబాటే ఆ గ్లేజుల అందం. మనకు అంత కాలమూ లేదు, ఒకే కొండ రాయీ లేదు. వాళ్లు తరాల్లో తెలుసుకున్న దిక్కును లెక్క మనకు ఒక సాయంత్రంలో చూపిస్తుంది. కళ పోయేదేమీ లేదు.

అయితే లెక్కనే నమ్ముకుని టైలు కాల్చడం మానేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కాగితం మీద ఒకే ఫార్ములా ఉన్న రెండు గ్లేజులు కిల్న్‌లో వేర్వేరుగా ప్రవర్తించగలవు. ముతక సిలికా పూర్తిగా కరగక మిగిలితే, ఫార్ములాలో ఉన్న సిలికా గాజులో లేనట్టే. అల్యూమినా కేయోలిన్ నుంచి వస్తే కరిగినంత తేలిగ్గా అల్యూమినా హైడ్రేట్ నుంచి వస్తే కరగదు. తక్కువ వేడిలో ఈ తేడాలు ఇంకా ఎక్కువ. పూత మందం, బకెట్‌లో నీళ్లు, చల్లార్చే తీరు వీటిని ఏ ఫార్ములా పట్టుకోదు. లెక్క దిక్కు చెబుతుంది, దూరం టైలే చెప్పాలి. ఇందుకు లైన్ బ్లెండును, అంటే రెండు గ్లేజులను మెట్లుమెట్లుగా పాళ్లు మారుస్తూ కలపడాన్ని, మించిన పద్ధతి నాకు తెలియదు. రెండు కొనల గ్లేజులు ఒకే సాంద్రతకు కలుపుకుని, సిరంజితో మిల్లీలీటర్ల లెక్కన కలుపుతూ పోతే పొడులు మళ్లీ మళ్లీ తూచే పని ఉండదు. ఓపికున్నవాళ్లకు ఆస్ట్రేలియాకు చెందిన ఇయన్ క్యూరీ చెప్పిన గ్రిడ్ పద్ధతి ఉంది: నాలుగు మూలల గ్లేజులు కలుపుకుంటే చాలు, 35 గళ్లలో అల్యూమినా ఒక వైపు, సిలికా ఇంకో వైపు పెరుగుతూ పోతాయి. పగులు ఎక్కడ ఆగింది, మ్యాట్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ అసలు కరగలేదు, అన్నీ ఒకే పలక మీద కనిపిస్తాయి. అలాంటి పలక ఒకటి చేతిలో ఉంటే ఊరూ పేరూ తెలియని పెద్ద రెసిపీల పుస్తకం కన్నా విలువైనది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్నది అందరూ చెప్పేదే, దాన్ని సాగదీయను. పొడులు కలిపేటప్పుడు రెస్పిరేటర్ పెట్టుకోవడం గురించి మాత్రం మళ్లీ చెబుతాను. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. బేరియం కార్బొనేట్ విషం, పరీక్షకు కూడా చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

తినే గిన్నెల విషయంలో నా పట్టుదల ఇంకాస్త ఎక్కువ. గోడకు వేలాడదీసే పళ్లెం మీద గ్లేజు ఎలా ఉన్నా నష్టం లేదు. కప్పు లోపలి గ్లేజు వేరు, దాంట్లో ఎవరో రోజూ పులుపు, వేడి పోసుకుంటారు. ఒక నిమ్మ చెక్కను రాత్రంతా గ్లేజు మీద బోర్లించి ఉంచండి. ఉదయానికి అక్కడ రంగు వెలిసినా, మెరుపు తగ్గినా ఆ గ్లేజు గట్టిది కాదు. అందులోని లోహం బయటికి వస్తోంది. సిలికా, అల్యూమినా తక్కువై, రాగి లాంటిది ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. మచ్చ పడకపోయినంత మాత్రాన సురక్షితమని తేలినట్టు కాదు, అది ల్యాబ్ పరీక్షే చెప్పాలి. మచ్చ పడితే మాత్రం ఇంక సందేహమే అక్కర్లేదు. ఇక్కడ కూడా పారబోయనక్కర్లేదు. కరిగినంతవరకు సిలికా, అల్యూమినా పెంచండి, రాగి తగ్గించండి, మళ్లీ నిమ్మ చెక్క పెట్టండి. అప్పటికీ నిలవకపోతే దాన్ని కప్పు బయటికే ఉంచి, లోపల రంగు లేని గట్టి గ్లేజు పూయండి.

రెసిపీలు పంచుకునేవాళ్లకు చివరిగా ఒక విన్నపం. పదార్థాల పేర్లు, అంకెలు మాత్రమే పెడితే అవతలివాళ్లకు సగం సమాచారమే అందుతుంది. ఫెల్డ్‌స్పార్ విశ్లేషణ ఉంటే అది, లేకపోతే కనీసం పొటాషా, సోడానా అన్నది రాయండి. ఏ కోన్, పైవేడి దగ్గర ఎంతసేపు ఆపారు, ఎలా చల్లార్చారు, ఏ రకం మట్టి, పూత ఎంత మందం, ఇవి పెట్టండి. ఎవరిదైనా గ్లేజు దిద్ది పంచుతుంటే పాత అంకెలు చెరిపేయకండి. పాత ఫార్ములా, కొత్త ఫార్ములా పక్కపక్కన ఉంచి, ఏ తేడా చూసి ఏ ఆక్సైడు కదిపారో ఒక వాక్యం రాయండి. మీ మట్టి నా దగ్గర లేకపోయినా ఆ వాక్యం ఉంటే నా మట్టికి తగ్గట్టు ఎటు కదపాలో నేను చూసుకోగలను.